కందిరీగ కడుపులో ఉంగరం

ఐవీ చాక్లీ పుట్టింది ఇంగ్లండులో, కుర్చీలు చేసే ఇంట్లో. తండ్రి బీచ్ అనే గట్టిచెక్క చెట్ల తోపులో కూర్చుని బతుకంతా కుర్చీకాళ్ళు చెక్కాడు, అన్నలిద్దరూ వాటికి వీపులు బిగించారు. అలాంటి పిల్ల రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో విమానాల ఫ్యాక్టరీలో చేరి, షెడ్డు మధ్యలో ఉన్న విమానం ఒంటిని వేళ్ళతో తట్టి చూసి పకపకా నవ్వింది. "ఓరినాయనో, ఇది చెక్క! నాలుగు కాళ్ళు తగిలిస్తే మా నాన్న సోఫా అని అమ్మేస్తాడు" అంది.

చెక్కే మరి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. యుద్ధం చివర్లో వచ్చిన హార్నెట్ అనే విమానమూ అంతే. లోపలా బయటా పల్చటి బర్చ్ చెక్క, మధ్యలో బెండులాంటి తేలిక చెక్క, అంతా జిగురు పని. పైన ఒక పొర నూలుబట్ట అంటించేవారు. ఆ బట్టను మాడపోలం అనేవాళ్ళు. నేసింది లాంకషైర్ మిల్లుల్లోనే అయినా పేరు మాత్రం మన నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెంది. ఆ సంగతి అక్కడ ఒక్కరికీ తెలియదు, చెప్పినా నమ్మరు. హార్నెట్ అంటే కందిరీగ. పేరుకు తగ్గట్టే రెండు ఇంజన్లతో గంటకు ఏడు వందల కిలోమీటర్లు దాటి ఉరికేది. ఫంకాలతో ఎగిరిన యుద్ధవిమానాల్లో దాన్ని మించినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఇంతలో జెట్లు వచ్చి దాని నోట్లో మట్టి కొట్టాయి. పనైపోయాక విరగ్గొట్టి తగలబెట్టారు. ఇవాళ నిండుగా ఒక్కటి చూద్దామన్నా లోకంలో లేదు. తలచుకుంటే కడుపు మండుతుంది.

ఐవీ మొగుడు స్టాన్ వడ్రంగి. నౌకాదళంలోకి వెళ్తూ, తాళ్ళు లాగేటప్పుడు వేలు తెగుతుందని పెళ్ళి ఉంగరం తీసి ఆమె చేతిలో పెట్టాడు. వాళ్ళ నాన్న నాటి ఉంగరం అది. ఆ ఓడ అట్లాంటిక్‌లో మునిగింది. శవం లేదు, సమాధి లేదు. ఉంగరాన్ని నల్లదారానికి కట్టి మెడలో వేసుకుంది ఐవీ. ఇంట్లో మిగిలింది తనూ, అత్తగారు హెప్జీ. ఇద్దరికీ ఐవీ జీతమే ఆధారం. ముసలావిడ ఆ దారం వంక చూసేది గానీ ఒక్కనాడూ నోరు తెరిచి అడగలేదు.

ఐవీ సన్నగా, చీపురుపుల్లలా ఉంటుంది. అందుకని విమానం తోక పని ఆమెకే ఇచ్చారు. పొట్టకింది చిన్న తలుపులోంచి దూరి, తోకదాకా పాక్కుంటూ పోయి, తోక రెక్కల్ని తిప్పే ఇనప తీగలు సరిగ్గా బిగిశాయో లేదో చూడాలి. లోపలికి వెళ్ళేవాళ్ళ ఒంటిమీద ఉంగరం, పిన్ను, జేబులో బొత్తాం కూడా ఉండకూడదు. ఏ చిన్న వస్తువు జారిపడి తీగల చక్రంలో ఇరుక్కున్నా, గాల్లో తోక కదలదు. నడిపేవాడు తిన్నగా నేలలోకే. ఈ సంగతి ఐవీకి తెలుసు, అయినా దారాన్ని కాలర్ కింద దాచుకుని వెళ్ళేది. మొగుడి గుర్తు, తీసి పక్కన పెట్టడానికి మనసు రావొద్దూ!

యుద్ధం అయిపోయిన మరుసటేడు ఎండాకాలం. మగవాళ్ళు తిరిగొస్తున్నారు, ఆడవాళ్ళను వారానికింత మందిని ఇళ్ళకు పంపేస్తున్నారు. ఎవరు చిన్న తప్పు చేస్తారా అని ఫోర్‌మన్ గేజ్లీ కాచుకుని ఉన్నాడు. ఆ సోమవారం పొద్దున ఒక కొత్త కందిరీగ తోకలో ఆఖరి తనిఖీ చేసి బయటికొచ్చింది ఐవీ. తలుపు మూసి స్క్రూలు బిగించారు. భోజనాలయ్యాక మొదటిసారి ఎగరాలి.

క్యాంటీన్‌లో స్నేహితురాలు ఫ్లో టీ కప్పులు తెచ్చి పెట్టింది. అవతల బల్ల దగ్గర టెస్ట్ పైలట్ హేలింగ్ బన్ను తింటున్నాడు. పాతికేళ్ళవాడు. సాయంత్రం అయ్యేసరికి వాళ్ళమ్మ గేటుకి ఫోన్ చేస్తుంది, మా వాడు దిగాడా అని. దిగాడమ్మా అంటాడు కాపలావాడు. ఫ్యాక్టరీ అంతటికీ ఇదొక వేళాకోళం.

"ఇవాళ కొత్తది ఎక్కుతున్నారుగా, అమ్మగారి పర్మిషన్ తీసుకున్నారా బాబూ?" అని అరిచింది ఫ్లో.

"తీసుకున్నా. స్వెట్టర్ వేసుకుని ఎక్కమంది" అన్నాడు హేలింగ్. అందరూ ఘొల్లున నవ్వారు. ఐవీ కూడా నవ్వుతూ అలవాటుగా మెడమీద చెయ్యి వేసుకుంది.

దారం లేదు.

కాలర్ లోపల, జాకెట్టులో, నడుం దగ్గర, అంతా తడుముకుంది. రాత్రి స్నానానికి తీసి గోడమేకుకు తగిలించింది. పొద్దున లేచేసరికి మేకు ఖాళీ. అంటే రాత్రే మళ్ళీ మెడలో వేసేసుకున్నాననుకుంది. రోజూ చేసే పని చేశామో లేదో ఎవరికి గుర్తుంటుంది?

"ఫ్లో, ఉంగరం లేదే. దారంతో సహా లేదు. తోకలో పడిపోయింది."

"నోర్ముయ్! బస్సులో పడుంటుంది. ఎవరితోనూ అనకు, ఇవాళే ఇంటికి పంపేస్తారు."

నిజమే, పంపేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రేపటినుంచి ముసలావిడకు ఏం పెట్టాలి? బన్ను తింటున్న ఆ కుర్రాడి వంక ఐవీ చూసింది. తరవాత లేచి గేజ్లీ దగ్గరికి పరిగెత్తింది.

గేజ్లీ విన్నాడు. మొహం కందగడ్డ అయింది.

"మెడలో వేసుకుని లోపలికి దూరావా? ఎన్నాళ్ళనుంచి?"

"మొదట్నుంచీ సార్. తప్పే. ముందు ఆ విమానం ఆపండి."

తలుపు విప్పి ఆమెనే మళ్ళీ లోపలికి పంపారు. దీపం పట్టుకుని అంగుళం అంగుళం తడిమింది. ఏమీ లేదు. కాకపోతే చిట్టచివర, తోక రెక్కలు మొదలయ్యే చోట ఒక అడ్డుచెక్క ఉంది. దానికి తీగలు పోయేందుకు పిడికెడు కన్నమే ఉంది. అవతల చక్రాలున్నాయి, కనిపించవు, చెయ్యి అందదు. ఉంగరం దొర్లి అందులోకి పోయి ఉంటే?

"పైన కోసి చూడాలి సార్" అంది బయటికొచ్చి.

"కోసి? బట్ట చించి, చెక్క కోసి, మళ్ళీ అతికి, జిగురు ఆరి... ఎవడబ్బ సొమ్మని? ఎలుక కోసం ఇల్లు తగలబెట్టమన్నట్టుంది నీ వరస! నిజం చెప్పు, నీకు కావాల్సింది వాడి ప్రాణమా, నీ ఉంగరమా?"

చుట్టూ చేరినవాళ్ళలో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. ఐవీకి రెండూ కావాలి. ఉంగరం కావాలి, ప్రాణం పోయేంతగా కావాలి. కుర్రాడు చావకూడదు, అదీ అంతే నిజం. ఏది ముందో ఆమెకే తెలియలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పారాచూట్ భుజాన వేసుకుని హేలింగ్ వచ్చాడు. విషయం విని నెమ్మదిగా అడిగాడు. "అది అక్కడే ఉందని గట్టిగా చెప్పగలరా, మిసెస్ చాక్లీ?"

"చెప్పలేను బాబూ. బస్సులో పడిందేమో, రోడ్డుమీద పడిందేమో. కానీ ఎక్కొద్దు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? నన్ను పంపించేస్తే పంపించేయమనండి. మీరు మాత్రం ఎక్కొద్దు."

అతను కాసేపు ఆమె మొహం చూశాడు. పారాచూట్ తీసి నేలమీద పెట్టాడు. "కొయ్యండి, గేజ్లీ గారూ" అన్నాడు.

గేజ్లీ గొణుక్కుంటూ, తిట్టుకుంటూ తనే సన్నరంపం తీసుకున్నాడు. తోక పక్కన కిటికీ అంత ముక్క కోసి తీశాడు. చెయ్యి పెట్టి తడిమాడు. తడుముతూ తడుముతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. చెయ్యి బయటికి తీసేసరికి అరచేతిలో బొటనవేలంత ఇనప క్లాంపు ఉంది. చెక్కలు అతికేటప్పుడు పట్టి ఉంచే క్లాంపు. ఎప్పుడో ఎవరో మరిచిపోయారు. ఒలికిన జిగురుకు అంటుకుని, తోకను పైకీ కిందికీ తిప్పే చక్రానికి సరిగ్గా పైన వేలాడుతోందట. నేలమీద ఎన్నిసార్లు కదిలించి చూసినా తెలియదు. గాల్లో ఒక్క కుదుపుకు ఊడిపడేది.

గేజ్లీ ఒక చెక్కపెట్టె మీద కూలబడ్డాడు. లోపల ఏ సామానూ మిగల్లేదని చూసి సంతకం పెట్టింది అతనే.

"ఉంగరం?" అంది ఐవీ.

"లేదమ్మా. అంతా చూశాను. లేదు." ఆ గొంతులో ఇందాకటి గరుకు లేదు. "రేపు పనికి రా. మెడ ఖాళీగా రా."

ఆ చలికాలం మిగతా ఆడవాళ్ళతో పాటు ఆమెనూ పంపేశారనుకోండి, అది వేరే సంగతి. ఆ సాయంత్రం మాత్రం బస్సులో సీట్ల కింద వెతుక్కుంటూ, రోడ్డంతా వెతుక్కుంటూ ఇల్లు చేరింది. స్టాన్‌ని రెండోసారి పోగొట్టుకున్నట్టుంది. అత్తగారికి ఏమని చెప్పడం?

వంటింట్లో పొయ్యి రాజేసి లేదు. బంగాళాదుంపలు చెక్కు కూడా తియ్యలేదు. హెప్జీ బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు నల్లదారం, దాని చివర ఉంగరం.

"తిట్టు అమ్మాయ్" అంది ముసలావిడ తలెత్తకుండా. "నేనే తీశాను. ఇవాళ వాడి పుట్టినరోజు. నువ్వు లేవకముందు మేకుమీంచి తీసుకున్నాను. ఒక్కరోజు పెట్టుకుని సాయంత్రం తగిలించేద్దామనుకున్నా. నువ్వేమో వాడి ఉంగరాన్ని మెడలో వేసుకుని తిరుగుతావు. నాకేముంది? వాణ్ణి కన్నానన్న మాట తప్ప నా దగ్గర ఏమీ లేదు. అడుగుదామంటే సిగ్గేసింది. దొంగనయ్యాను."

ఐవీ కుర్చీలో కూలబడింది. ముందు ఒళ్ళు మండింది. పొద్దుటినుంచి పడిన అవస్థ, గేజ్లీ మాటలు, ఆ నవ్వులు, అంతా గొంతుదాకా వచ్చింది. అంతలోనే నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. ముసలావిడ బెదిరిపోయింది.

"అత్తయ్యా, మీరు దొంగతనం చెయ్యకపోతే ఈపాటికి ఒక పిల్లాడు చచ్చిపోయి ఉండేవాడు" అంది ఐవీ. కళ్ళు తుడుచుకుంటూ మొత్తం చెప్పింది. లేని ఉంగరం కోసం కోసిన తోక గురించి, అందులో దొరికిన క్లాంపు గురించి, హేలింగ్ వాళ్ళమ్మ చేసే ఫోన్ గురించి.

హెప్జీ బల్లమీది ఉంగరాన్ని వేలితో అటూ ఇటూ దొర్లించింది. తరవాత మెల్లిగా అడిగింది.

"ఇవాళ కూడా చేసిందా ఆవిడ?"

"చేసింది. నేను గేటు దాటుతుండగానే మోగింది."

"ఏం చెప్పారు?"

"అసలు ఎక్కనే లేదమ్మా, ఇక్కడే ఉన్నాడు, టీ తాగుతున్నాడు అన్నారు."

"ఇక్కడే ఉన్నాడు" అంది హెప్జీ. ఆ మాటనే ఇంకోసారి అంది. "ఇక్కడే ఉన్నాడు, టీ తాగుతున్నాడు."

ఐవీ లేచి, దారం తీసి అత్తగారి మెడలో వేసి ముడి బిగించింది. ఆ తరవాత ఇద్దరూ కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీశారు.