మిరపకాయల పెట్టెకు పిడి పెట్టిన సారు

మొన్న పొద్దున మిరప కోతకు కూలీలను మాట్లాడుతుంటే, మా వీధిలో ఉండే ఐటీఐ సారు పోయారని కబురొచ్చింది. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. కేసముద్రం చుట్టుపక్కల చాలామంది మెకానిక్‌లకు ఆయన గురువు. నాకు మాత్రం ఆయన మిరపకాయలతోనే గుర్తొస్తారు.

కోసిన కాయ కల్లంలో ఉండగా వాన పడిందంటే ఎర్రటి కాయ తెల్లబడి తాలు అయిపోతుంది. ఏడాది కష్టం పోతుంది. అందుకే మా మహిళా సంఘానికి ఒక విదేశీ సంస్థ ఎండతో పనిచేసే ఆరబెట్టే యంత్రం ఇచ్చింది. అద్దం కప్పు, లోపల జల్లెడ అరలు. మేం దాన్ని పెట్టె అనేవాళ్లం. తీరా మొదటిసారి పోసిన కాయే బూజు పట్టింది.

తప్పు మాదే. కల్లంలో కాయను మాటిమాటికీ కాలితో తిరగెయ్యడం మాకు అలవాటు. పెట్టెలో పోసినా ఊరుకోలేక, అటు పోయిన ప్రతి ఆడమనిషీ తలుపు తెరిచి కలిపి వచ్చేది. ఉన్న వేడంతా బయటికే. అందరికంటే ఎక్కువ తెరిచింది మా అత్తమ్మ. "మూసి పెడితే కాయకు ఊపిరెట్ల ఆడుతది?" అనేది.

ఆ సంస్థ నుంచి చూడవచ్చిన ఇంజినీరు తలుపుకు తాళం వెయ్యమన్నాడు. లేదంటే పెట్టెను ఇంకో ఊరికి పంపేస్తామన్నాడు. వెళ్లి సారును పిలుచుకొచ్చాను.

ఆయన పెట్టె పక్కన పీట వేసుకుని, మా వాళ్లు తెరవడం, మూయడం పొద్దంతా చూశారు. చివరికి ఇంజినీరుతో అన్నారు: "గీళ్ల చెయ్యి ఊకుండదు. మనుషులను మార్చుడు కష్టం, పెట్టెను మారుద్దాం. జర దాని నక్షా ఇప్పియ్యండి."

యంత్రం తయారీ డ్రాయింగులు సంస్థ వాళ్లు బయటికి ఇవ్వరని ఇంజినీరు నసిగాడు.

"విప్పి చూడనియ్యని సామాను ఎన్నేండ్లున్నా సుట్టం లెక్కనే ఉంటది. మాకు ఇంటి మనిషి గావాలె" అన్నారు సారు.

వాళ్లు నక్షా పంపేదాకా ఆయన ఫోన్లు చేస్తూనే ఉన్నారు. వచ్చాక, మహబూబాబాద్ పాత సామాన్ల దుకాణంలో సైకిల్ గొలుసులు, పళ్ల చక్రాలు ఏరుకొచ్చారు. అరలు తీసేసి జల్లెడ పీపాలు బిగించి, తిప్పే పిడి బయటికి పెట్టారు. ఇక తలుపు తెరవకుండానే కాయ తిరగబడుతుంది. పెట్టెనంతా మాతోనే విప్పించారు, మాతోనే బిగించారు. విప్పిన మరలన్నీ తన భుజం మీది తువ్వాల పరిచి దాని మీద వరసగా పెట్టేవారు. "పెండ్లిల పెట్టిన తువ్వాల గది" అని వాళ్లావిడ రోజూ తిట్టేది. ఆయన నవ్వి, మర్నాడు మళ్లీ అదే పరిచేవారు.

తర్వాతి కోతకు అకాల వాన పడింది. కల్లాల్లో కాయ తడిసింది, పెట్టెలో కాయ ఎర్రగా దిగింది. ఆ ఇంజినీరే మళ్లీ వచ్చి, ఈ పిడిని వేరే దేశాల రైతులకూ ఇస్తాం, ఏమంటారని అడిగాడు.

"తీస్కపోండి. కాకపోతే ఆ దేశపోళ్లకు గూడ విప్పి చూపియ్యాలె. వాళ్లు ఏమన్న మంచిగ మారిస్తే మాకు జెప్పాలె" అన్నారు సారు. దేశం నుంచి దేశానికి సామాను పోతే సరిపోదని, దాన్ని విప్పి బిగించే పనితనం కూడా వెళ్లాలని నాకు అర్థమైంది ఆ రోజే. ఆయన మా వీధి మనిషని గర్వంగా అనిపించింది. ఇప్పటికీ అంతే.

మొన్న మధ్యాహ్నం ఆయన్ను తీసుకుపోతూ పెట్టె ఉన్న సంఘం ఆవరణ ముందు పాడె దించారు. డప్పులు ఆగాయి. పైన మబ్బు పట్టి ఉంది. పొద్దున పోసిన కాయ పెట్టెలోనే ఉందన్న సంగతి మాకెవరికీ గుర్తు లేదు. అందరం వాకిట్లో నిలబడి ఏడుస్తున్నాం.

అప్పుడు లోపలి నుంచి కిర్రుమని గొలుసు చప్పుడు వినిపించింది. తొంగి చూశాను. మా అత్తమ్మ ఒక చేత్తో కొంగు కళ్లకద్దుకుంటూ, రెండో చేత్తో పిడి తిప్పుతోంది. తలుపు మూసే ఉంది.