రాయబారిగారి సొంత మాట

మా నాన్న ఖిదిర్‌పూర్ రేవులో కళాసీ. నేను రోగుల సేవ నేర్చుకుని, దక్షిణ కలకత్తాలో ఒక పెద్దాయన ఇంట్లో పగటి ఆయాగా కుదిరాను. ఆయన ఒకప్పుడు ఓ అంతర్జాతీయ సంస్థలో మన దేశపు రాయబారి. తన కోసం తెలుగు నేర్చుకున్న బెంగాలీ భార్య పోయాక, ఇంట్లో తెలుగు మాట వినబడక నన్ను పెట్టుకున్నారు.

కిందటేడు ఆయనకో పిలుపొచ్చింది. ఆ సంస్థకు మన దేశం మొదటినుంచీ పంపిన రాయబారుల ఫోటోలన్నీ ఇక్కడి ఒక హాల్లో వరసగా పెడుతున్నారు. బతికున్నవాళ్లలో ఈయనే పెద్ద కాబట్టి మాట్లాడమన్నారు.

"అక్కడ కూర్చున్నన్నాళ్లూ ఢిల్లీ పంపిన మాటలే చదివానమ్మాయ్. నాకు ముందు వాళ్లూ అంతే, తరవాత వాళ్లూ అంతే. ఇవాళ నా మాట చెప్తాను" అన్నారు కోటు తొడిగిస్తుంటే.

సభకు బయల్దేరి కిందికి దిగుతుంటే, ఆయన మేడలోని లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. దీపం ఆరింది. జాలీ తలుపు అవతల ఉత్త గోడ.

"దాదా! ఓ దాదా!" అని కింద గేటు కాసే దర్వానును కేకేశాను. లిఫ్టు బాగుచేసే మిస్త్రీ కోసం కబురు పంపానని కిందనుంచి అరిచాడు. ఉక్కకు నాకే ఊపిరాడటం లేదు. ఆయన్ని నేలమీద కూర్చోబెట్టి గుండీలు విప్పాను.

"భయపడకండి బాబూ, ఒచ్చేస్తారు. ఈలోగా ఆ సెప్పాలనుకున్నదేటో నాకు సెప్పండి."

ఆయన గొంతు సవరించుకున్నారు. "గౌరవనీయ అధ్యక్షా, మా ప్రభుత్వ అభిప్రాయం ప్రకారం..." అని ఆగారు. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అవే మాటలు. మూడోసారి నోరు తెరిచి, మూసేశారు.

"ఏటైనాది బాబూ?"

"ఇంకేం రావడం లేదమ్మాయ్."

చీకట్లో ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మిస్త్రీ వచ్చి తలుపు లాగేసరికి సభ అయిపోయింది. ఆ తరవాత ఆయన లిఫ్టు ఎక్కలేదు. మెట్లు దిగే శక్తి లేక ఇంట్లోనే ఉండిపోయారు. ఆసుపత్రిలో మంచి పని ఉందని మా అక్క రెండుసార్లు పిలిచింది. సాయంత్రం నేను చెప్పులు వేసుకుంటుంటే, "రేపు వస్తావు కదూ?" అని ఆయన రోజూ అడుగుతారు. వస్తానంటాను.