నేను వినని స్టేషన్లు

మా ముందు గది గోడ నిండా అద్దాల ఫ్రేముల్లో కార్డులుండేవి. షార్ట్‌వేవ్ రేడియోలో ఏదైనా విదేశీ స్టేషన్ విని, ఫలానా రోజు ఫలానా టైముకి మీ ప్రసారం ఇలా వినబడిందని రిపోర్టు రాస్తే, వాళ్లు మనల్ని నమ్మి, విన్నట్టు ధ్రువీకరిస్తూ ఒక కార్డు పంపుతారు. ఇంటికొచ్చినవాళ్లు ఆ గోడ చూసి, యానాంలో కూర్చుని ఇన్ని దేశాలు వింటున్నారా అనేవారు. నేను వినయంగా నవ్వేవాణ్ణి. నవ్వు మాత్రం బాగా కుదిరేది. ఆ కార్డుల్లో సగానికి పైగా అబద్ధాలు.

ఈ సరదా నాకూ మా బావగారికీ కలిసే పట్టుకుంది. ఆయన మా అక్క భర్త. కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు, మెట్టకూరులో ఉంటారు. నాకు బజార్లో స్టేషనరీ షాపు. మొదట్లో నేనూ నిజంగానే వినేవాణ్ణి. తర్వాత ఇంటింటికీ ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు వచ్చాయి. చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్ల మోటార్లు కూడా వేస్తే, ఆ కరెంటు రొదకి రేడియో సెట్టు గుర్రుమనడం తప్ప ఇంకేమీ పలికేది కాదు.

అప్పుడు నాకు దారి దొరికింది. యూరప్‌లో ఎవరో తన రిసీవర్‌ని ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఎక్కడివాళ్లైనా ఫోన్‌లో దాన్ని తిప్పుకుని వినొచ్చు. షాపులో కూర్చుని ఇయర్‌ఫోన్స్‌లో వినేవాణ్ణి. రిపోర్టులో మాత్రం ‘యానాం, బ్యాటరీ సెట్టు, డాబా మీద ఇరవై మీటర్ల ఏరియల్ వైరు’ అని రాసేవాణ్ణి. కొన్నాళ్లకి వినడం కూడా శ్రమ అనిపించింది. ఏ టైముకి ఏ కార్యక్రమమో స్టేషన్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది కదా. దాన్ని చూసి, ఒక మగ గొంతు, మధ్యలో సంగీతం అని రాసి, సిగ్నల్‌కి అయిదుకి నాలుగు మార్కులు వేసేవాణ్ణి. పిల్లల పేపర్లు చదవకుండా దిద్దే మాస్టార్లని నేనెప్పుడూ తప్పు పట్టలేదు.

బావగారు రోజూ పొద్దున్నే ఫోన్ చేసేవారు.

“ఏవోయ్, ఇందాక ఆ ఆఫ్రికా స్టేషను తగిలిందా?”

“తగిలింది బావగారూ. నాలుగిచ్చాను.”

“నాకు గుర్రు తప్ప ఏం లేదోయ్.”

“మీ వైరు ఎటు కట్టారు?”

ఎటు కట్టారో చెబితే దానికి అడ్డంగా కట్టమనేవాణ్ణి. ఆయన కట్టేవారు. ఆ ఏడాది ఆ వైరు తిరగని దిక్కు లేదు. ఓసారి అక్క ఫోన్ లాక్కుని, “ఏరా తమ్ముడూ, నీ మాట విని మీ బావ రోజుకి నాలుగుసార్లు డాబా ఎక్కి దిగుతున్నార్రా. ఆయన మోకాళ్ల మీద కూడా ఓ రిపోర్టు రాసి పంపు” అంది. మా ఇంట్లో ఆ గొడవ లేదు. మా ఆవిడ నా ఇరవై మీటర్ల వైరు మీద తువ్వాళ్లు ఆరేసేది.

“మీ దేశాలకేమన్నా అడ్డమా?” అని అడిగేది.

“ఏం పర్లేదు” అనేవాణ్ణి.

చివరికి బావగారికి తన చెవుల మీద అనుమానం వచ్చింది. కాకినాడలో చెవుల డాక్టరు దగ్గరికి తోడుగా నన్నే తీసుకెళ్లారు. గాజు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడితే బటన్ నొక్కమన్నారు. నేను బయటి నుంచి చూస్తున్నాను. ఆయన కళ్లు మూసుకుని, వినబడితేనే నొక్కారు. అనుమానంగా ఉంటే వేలు ఎత్తి అలాగే పట్టుకునేవారు గానీ నొక్కేవారు కాదు. అప్పుడే చెప్పేయాల్సింది. క్యాంటీన్‌లో కాఫీ తాగించి ఊరుకున్నాను.

డాక్టరు చెవులు బాగున్నాయన్నాడు. అదే ఆయన కొంప ముంచింది. ఆ వారంలోనే సంచీలో సెట్టు, రోజూ ఏం వినబడిందో తను రాసుకున్న ఏడు నోటు పుస్తకాలు పట్టుకుని మా ఇంటికొచ్చారు.

“ఇవి నీ దగ్గరుంచు. చెవులు బాగానే ఉన్నాయంట. అంటే నాకు వినడమే రాదన్నమాట. ఇన్నేళ్లూ ఊరికే కూర్చున్నాను.”

ముందు రోజే నాకు ఒక స్టేషన్ నుంచి మెయిల్ వచ్చింది. మీరు రాసిన రోజున మా ట్రాన్స్‌మిటర్ రిపేరులో ఉంది, ఆ ఫ్రీక్వెన్సీలో ప్రసారమే జరగలేదు, అయినా విన్న మీ ఇరవై మీటర్ల వైరుకి మా అభినందనలు అని రాశారు. బావగారి పుస్తకంలో ఆ తేదీ వెతికాను. ‘ఏమీ లేదు. బొత్తిగా ఖాళీ. ప్రసారం ఆపారేమో’ అని ఉంది. పుస్తకం, ఫోన్ రెండూ ఆయన ముందు పెట్టాను.

రెండుసార్లు చదివారు.

“ఆ రోజు అసలు ప్రసారమే లేదు.”

“లేదండి.”

“నీకు నాలుగు వినబడింది.”

“అయిదు రాశాను బావగారూ.”

మిగతావి కూడా చెప్పేశాను. ఆయన తిట్టలేదు. తిడతారనే ధైర్యంతోనే చెప్పాను. పుస్తకాలు ఒక్కోటీ తీసి మళ్లీ సంచీలో సర్దుకున్నారు.

“వైరు ఎన్నిసార్లు మార్చానో తెలుసా?”

“తెలుసండి.”

“తెలిసే చెప్పావు, ఇటు కట్టు, అటు కట్టు అని.”

మా ఆవిడ తెచ్చిన కాఫీ ముట్టకుండా వెళ్లిపోయారు. నెల రోజులు ఫోన్ లేదు. ఈలోగా నేను కార్డులు దించేసి, ఆ స్టేషన్లన్నిటికీ నిజం రాశాను. ఆ సంగతి చెప్పడానికి మెట్టకూరు వెళితే ఆయన డాబా మీద వైరు బిగిస్తున్నారు. కింద నుంచే చెప్పాను. ఆయన దిగకుండానే అన్నారు.

“విన్నానని ఊరందరికీ చెప్పుకున్నావు. వినలేదని కూడా ఊరందరికీ చెప్పు. నాతో చెబితే ఏం లాభం?”

అందుకే ఇది రాశాను. అచ్చుకి ఇచ్చేముందు ఆయనకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, పెన్ను పట్టుకుని, ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి చదివారు. నన్ను గురించి రాసుకున్నదేదీ ఆయన మార్చలేదు. ఒక్క చోట మాత్రం ఆగారు. ఆ ఏడాదంతా మా బావగారికి ఆ ఆఫ్రికా స్టేషన్ ఒక్కసారి కూడా వినబడలేదని రాశాను.

“ఇది తప్పు” అన్నారు. “వానాకాలంలో ఓ పొద్దున వినబడింది. రెండు నిమిషాలుంటుందేమో. సిగ్నల్ ఒకటి. కొట్టేసి రాయి.”

కొట్టేసి రాశాను.