డీప్ ఫ్రీజర్‌లో ఆరు సూదులు

కరోనా హడావుడి సద్దుమణిగి, జనం మళ్లీ మామూలు రోగాలకు ఆస్పత్రికి రావడం మొదలుపెట్టిన ఏడాది అది. మేడ్చల్‌లో ఒక మోస్తరు ఆస్పత్రి, కీళ్లవాతం విభాగంలో నర్సును. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఇంజెక్షన్ వేసుకోవడం రోగులకు నేర్పడంలో నన్ను మించినవాళ్లు లేరని అప్పట్లో నాకు కాస్త పొగరుండేది. ఆ పొగరు దించిన మనిషి పేరు స్వరూప.

స్వరూపది మచ్చ బొల్లారం. నలభై దాటిన మనిషి. తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో గాజు సామాను కడిగే పని. పొద్దున్నే కంపెనీ క్యాబ్ ఎక్కి పోయి, సాయంత్రం దాకా టెస్ట్ ట్యూబులూ ఫ్లాస్కులూ కడిగి ఆరబెట్టాలి. అలాంటి చేతులకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ పట్టుకుంది. అంటే ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే దారి తప్పి కీళ్ల మీద పడటం. మొదటిసారి వచ్చినప్పుడు నా రెండు వేళ్లు చాపి "గట్టిగా పట్టుకో" అన్నాను. చేతిలో బలం చూడటానికి మేం చేసే పరీక్ష అది. నా వేళ్ల చుట్టూ ఆమె పిడికిలి మూసుకోనే లేదు.

"రెండు ఫ్లాస్కులు జారి పల్గినయ్ సిస్టరమ్మా. ఇంకోటి పల్గితే ఇంట్ల కూసోమంటడు మా సూపర్‌వైజర్. ఇంట్ల సంపాదించేది నేనొక్కదాన్నే," అంది.

మాత్రలకు ఆ జబ్బు లొంగలేదు. డాక్టరమ్మ బయోలాజిక్ రాశారు. అది ప్రొటీన్‌తో తయారయ్యే మందు, వాపును రేపే పదార్థాన్ని గురిచూసి అడ్డుకుంటుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కొందరి వేళ్లు మా కళ్ల ముందే వంకరపోతుంటే నొప్పి మాత్రలిచ్చి పంపిన రోజులున్నాయి. ఈ మందులు వచ్చాక అలాంటి చేతులు తక్కువగా చూస్తున్నాను. ఈ మందు ఒంట్లో దాగిన క్షయను రేపగలదు గనక, అది లేదని పరీక్షలో తేలాక స్వరూపకు పెన్ ఇచ్చాం. పెన్ అంటే సూది లోపల దాగి ఉండే ఇంజెక్షన్. పదిహేను రోజులకొకసారి తొడకు ఆనించి నొక్కుకోవాలి. ఫ్రిజ్‌లో పెట్టు, వేసుకునే ముందు అరగంట బయట ఉంచు, ఒకే చోట మళ్లీ మళ్లీ పొడుచుకోకు అని అన్నీ చెప్పాను. తిరిగి ఆమెతో చెప్పించాను కూడా.

మూడు నెలలు గడిచాయి. ఆరు ఇంజెక్షన్లు అయ్యాయి. వేళ్లు ఉబ్బినవి ఉబ్బినట్టే ఉన్నాయి.

"ఫ్రిజ్‌లోనే పెడుతున్నావా?"

"ఫ్రిజ్‌లనే పెడ్తున్న."

"తారీఖు తప్పకుండా వేసుకుంటున్నావా?"

"గోడ మీద రాసుకొని మరీ ఏసుకుంటున్న."

టిక్కులు పెట్టేసి, ఫైల్లో 'మందుకు ఫలితం లేదు' అని నా చేత్తోనే రాశాను.

మందు మార్చి రిటుక్సిమాబ్ ఇద్దామన్నారు డాక్టరమ్మ. అది సెలైన్‌లాగా నరంలోకి నెమ్మదిగా ఎక్కించే మందు. మొదట కొన్ని రక్త క్యాన్సర్ల కోసం వచ్చింది, తర్వాత కీళ్లవాతానికీ పనికొచ్చింది. బి కణాలనే ఒక రకం తెల్ల కణాలను అది తగ్గిస్తుంది, రెండు చోట్లా గొడవ చేసేవాటిలో అవీ ఉంటాయి. మాకిది రోజూ చూసే సంగతే. ముందుగా చూస్తే భయం పోతుందని స్వరూపను నేనే డే కేర్ గదికి తీసుకెళ్లాను. పొద్దున వచ్చి మందు ఎక్కించుకుని సాయంత్రానికి ఇంటికి పోయే గది అది.

అక్కడ మా పాత రోగి శామీర్‌పేట పటేల్ కుర్చీలో వాలి ఉన్నారు. భూముల మనిషి. ఆయనకు లింఫోమా, అంటే లింఫు గ్రంథుల్లో పుట్టే రక్త క్యాన్సర్. ఒక చేతికి మందు ఎక్కుతుంటే రెండో చేత్తో ఫోన్లో ప్లాట్ల బేరం ఆడుతుంటారు. స్వరూపను చూసి ఫోన్ పక్కన పెట్టారు.

"నీకేం మందు బిడ్డా?"

పేరు నేను చెప్పాను.

"అరె, నాకెక్కేది గదే! నువ్వేం పరేషాన్ గాకు. నాకు మెడకున్న గడ్డలన్నీ కరిగినయ్. మస్తు మంచి మందు," అని ధైర్యం చెప్పారు పాపం.

స్వరూప తలుపు వైపు నడిచింది. బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, నిజం చెప్పు. నాకు బ్లడ్ క్యాన్సర్ ఉన్నది గదా? నాకు చెప్తలేరు గదా?"

అదేం లేదని చెప్పాను. ఒకే మందు రెండు జబ్బులకు ఎలా పనిచేస్తుందో నాకు చేతనైనంత వివరించాను. తల ఊపింది గానీ నమ్మలేదని ముఖమే చెబుతోంది.

"నాకు గా సెలైన్ వద్దు. ఇగ ఏ మందూ వద్దు. ఉన్నన్ని దినాలు పని చేసుకుంట," అంది.

నాకు కోపం వచ్చింది. ల్యాబులో పనిచేస్తూ ఇంత మొండితనమేమిటి అనుకున్నాను. మందు మానేస్తే ఆ వేళ్లు ఏమవుతాయో నాకు తెలుసు గనక భయమూ వేసింది. "ఇంట్లో ఇంకో పెన్ మిగిలిందన్నావు కదా. అది తెచ్చి నా ముందు వేసుకో. ఆ తర్వాత నీ ఇష్టం," అన్నాను. నేను నేర్పడంలో లోపం లేదని రుజువు చేసుకోవాలన్న పంతం కూడా అందులో ఉంది, అబద్ధమెందుకు.

రెండు రోజుల తర్వాత స్టీలు టిఫిన్ డబ్బాతో వచ్చింది. మూత తీస్తే ఐసు ముక్కల మధ్య పెన్ ఉంది. మందు కనిపించేలా దానికి ఒక పక్క చిన్న కిటికీ ఉంటుంది. వంచి చూశాను. మందు కదల్లేదు. గడ్డ కట్టి ఉంది.

"ఇంత ఐసులో పెట్టి తెచ్చావేం?"

"ఐసుతోని గాదు. మా ఇంట్ల ఫ్రిజ్‌కు మీదున్న డీప్ ఫ్రీజర్లకెల్లి తీసిన. ఎప్పుడూ గండ్లనే పెడ్త."

"ఆరూ అందులోనే పెట్టావా? ఎవరు పెట్టమన్నారు?"

"ఒకరు చెప్పాల్నా? మా కంపెనీల సూస్తలేనా? ఎంత కిమ్మతి సామానుంటే అంత సల్లటి డబ్బల పెడ్తరు. మైనస్ ఎనభై డిగ్రీల డబ్బ తలుపు జర తెరిసుంటే సార్లు కొట్టినంత పని చేస్తరు. ఇంత కిమ్మతి సూదిని పాలప్యాకెట్ల పక్కన పెడ్తనా? అరగంటల కరుగుతలేదని రెండు గంటలు బయట పెట్టి ఏసుకున్న."

పెన్ బల్ల మీద పెట్టేశాను. వాళ్ల కంపెనీలో గడ్డకట్టించి దాచేవి వేరు. ఈ ప్రొటీన్ మందు ఒకసారి గడ్డ కడితే చెడిపోవచ్చు, కరిగాక నీళ్లలా తేటగా కనిపించినా వాడకూడదు. ఫ్రిజ్‌లో పెట్టమన్నాను తప్ప, గడ్డ కట్టనివ్వొద్దు అనే ఒక్క మాట చెప్పలేదు. ఆమె తనకు తెలిసినంతలో ఆ మందును ప్రాణంలా చూసుకుంది.

"తప్పు నాది స్వరూపా. ఆ సూదులన్నీ ఊరికే పొడుచుకున్నావేమో," అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడాలనుకున్నాను.

ఆమె పెన్ అందుకుని తిప్పి చూసింది. "అంటే నా ఒంటికి మందు పట్టక గాదా? మందే ఖరాబైందా?"

"అలాగే ఉంది."

"అయితే క్యాన్సర్..."

"లేదు. ఎప్పుడూ లేదు."

అక్కడే నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు.

డాక్టరమ్మ అంతా విని తల పట్టుకున్నారు. అదొక్కటే కారణమని ఒట్టేసి చెప్పలేం గానీ, మంచి పెన్‌తో మళ్లీ మొదటి నుంచి చూడకుండా మందు మార్చేది లేదన్నారు. స్వరూపను కూర్చోబెట్టి, ఆమె రక్తపరీక్ష కాగితాలు ముందు పరిచి, క్యాన్సర్ అనుమానించేది ఏదీ లేదని వరుస వరుసా చదివి వినిపించారు. ఫైల్లో నా రాత నేనే కొట్టేసి 'మందు సరిగా అందలేదు' అని రాశాను.

ఇప్పుడు పెన్ తీసుకునే ఎవరినీ "ఫ్రిజ్‌లో పెట్టావా" అని అడిగి ఊరుకోను. ఫ్రిజ్ తలుపు తీసి ఫొటో పంపమంటాను. పప్పుగిన్నెలూ పెరుగుడబ్బాలూ అన్నీ చూస్తాను, కొందరు సిగ్గుపడతారు కూడా. ఎక్కడ ఏం పని చేస్తారో ముందే కనుక్కుంటాను. డే కేర్ గదిలోకి ఎవరినైనా తీసుకెళ్లే ముందు, పక్క కుర్చీలో ఎవరుంటారో, వాళ్లకూ ఇదే మందు ఎందుకిస్తామో గుమ్మం బయటే చెబుతాను.

కొత్త పెన్లు మొదలుపెట్టిన నాలుగు నెలలకు స్వరూప మామూలు చెకప్‌కు వచ్చింది. ఆ మధ్యలో ఒక్క ఫ్లాస్కూ పగల్లేదట. అలవాటుగా నా రెండు వేళ్లు చాపాను. పట్టుకుంది. నా ఉంగరం వేలికి గుచ్చుకుంది.

"అబ్బా, చాలు! వదులు!"

"ఇడువ. సూది యాడ పెట్టాల్నో చెప్పు ముందు," అంది నవ్వుతూ.

"ఫ్రిజ్‌లో, మధ్య అరలో తల్లీ. గడ్డ కట్టని చోట."

అప్పుడు వదిలింది. ఆమెకు నేను మొదటి రోజే చెప్పి ఉండవలసిన మాట అది.