ఫోటోలో నాలుగో మనిషి

విదేశాలు చూసొచ్చినవాణ్ణి ఎవరైనా ముందు అడిగేది అక్కడి మేడల గురించి. బందరు ఫోటోగ్రాఫరు యేసుదాసుని అడిగితే మాత్రం, ముందు వీధికాలువలోకి ఉమ్మి తర్వాత నోరు విప్పేవాడు. "అన్నీ చూశానండీ. కానీ అంత దూరం పోయి తేటగా చూసింది మనవాళ్ళనే," అనేవాడు.

మిషను హాస్టల్లో పెరిగి, చర్చి పెళ్ళిళ్ళు తీస్తూ చేయి తిరిగినవాడు. చనిపోయిన భర్త తలని పాత ఫోటోలోంచి కత్తిరించి, భార్య పక్కన అతికించి, అతుకు కనపడకుండా మళ్ళీ ఫోటో తీయడంలో అతనికి సాటి లేదని పేరు. ఆ పేరు వినే యాభై ఏడులో గుడివాడ రైసుమిల్లు యజమాని గోవర్ధనరావు మలయా ప్రయాణానికి అతన్ని వెంటబెట్టుకుపోయాడు. మిల్లు యంత్రాలు చూడ్డానికని పైకి చెప్పాడు గానీ, ఆఫీసు గోడ నిండా ఫారిన్ ఫోటోలు వేలాడాలన్నదే అసలు సరదా.

వెళ్ళింది ఆయన, భార్య సత్యవతమ్మ, ఆవిడ తమ్ముడు నరసింహం. అక్కడే వచ్చింది చిక్కు. ముగ్గురు కలిసి ఫోటో దిగితే ఒకరి ఆయుష్షు తగ్గుతుందని మనవైపు భయం. పోనీ ఇద్దరిద్దరు నిలబడండి అంటే ఎవరు తప్పుకోవాలో తేలదు. అందుకని పెనాంగులో కెమెరా ఎత్తిన ప్రతిచోటా దారినపోయే దానయ్యని ఒకణ్ణి లాక్కొచ్చి పక్కన నిలబెట్టేవారు. ఫోటో అయిందా, కూరలో కరివేపాకులా తీసి పారెయ్యడమే. అలా నిలబడ్డ చీనా ముసలాయన ఒకడు ఏమీ అనుకోకుండా, యేసుదాసు చెయ్యి పట్టుకుని తన తోపుడుబండి దగ్గరికి తీసుకెళ్ళి, గిన్నెడు వేడి సేమ్యా లాంటిదేదో పెట్టాడు. "ఛీ, అది తింటావా!" అంటూ సత్యవతమ్మ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. యేసుదాసుకి వెగటు పుట్టింది గిన్నె మీద కాదు, ఆ రుమాలు మీద.

ఒకరోజు రబ్బరు తోట చూడబోయారు. నాలుగో మనిషి కోసం నరసింహం చెయ్యి ఊపితే, రబ్బరుపాల బకెట్టు కింద పెట్టి ఒకావిడ వచ్చింది. వీళ్ళ మాటలు వినగానే ఆమె మొహం వెలిగిపోయింది.

"తెలుగోళ్ళాండీ మీరు? ఏ ఊరండీ?"

"వీళ్ళది గుడివాడ, నాది బందరు. నీదేవూరమ్మా?" అన్నాడు యేసుదాసు.

"మోపిదేవి అవతల లంకండీ. పెద్దింట్లమ్మంటారు నన్ను. నా మొగుణ్ణి యుద్ధమప్పుడు జపానోళ్ళు సయాం రైలు పనికి పట్టుకుపోయారండీ, మళ్ళీ రాలేదు. నేనూ పోయాననే అనుకుంటుంది మా అమ్మ. నాంచారమ్మండీ దాని పేరు. ఈ ఫోటో ఒకటి దానికి చూపించండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

"ముందు కదలకుండా నిలబడు," అన్నాడు గోవర్ధనరావు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని నిలబడింది. సత్యవతమ్మ తన చీర ఆమెకి తగలకుండా జానెడు పక్కకి జరిగింది.

తిరుగు ఓడలో గోవర్ధనరావు హుకుం వేశాడు. "నెగెటివు మీద ఆ తోట కూలిదాని మొహం గీకెయ్. మన పక్కూరి కూలిదాన్ని పక్కన పెట్టుకోడానికా సముద్రం దాటింది?"

"గీకేస్తే ముగ్గురే మిగుల్తారండి."

ఆయన గతుక్కుమన్నాడు. ఆలోచించి, "అయితే ఎవరన్నా దొరసాని తల అతికించు. నీకు చేతనైన పనేగా," అన్నాడు.

"నేను అతికించేది చచ్చినవాళ్ళ తలలండీ. బతికున్నదాని తల నరకలేను."

"నువ్వు కాకపోతే ఇంకోడు. నెగెటివు నాకిచ్చెయ్. ఆ మొహం ఎక్కడన్నా బయటపడిందో, బందర్లో నీ స్టూడియో మూతపడుద్ది!"

బందరు చేరాక యేసుదాసు నెగెటివు ఇచ్చేశాడు. ఇచ్చేముందు ఒక కాపీ వేసుకున్నాడు.

కొన్నాళ్ళకి మిల్లు ఆఫీసులో ఆ ఫోటో చూశాడు. ఎవడో కేలండరు దొరసాని తల తెచ్చి అతికించాడు. పైన పాలలాంటి మొహం, కింద నల్లటి చేతులు, మట్టిగాజులు. "మా స్నేహితురాలు, వదల్లేదండీ, కలిసి దిగాల్సిందేనంది," అని గోవర్ధనరావు చెప్తుంటే, వచ్చినవాళ్ళు తలలూపుతున్నారు. ఒక్కడి కళ్ళూ ఆ చేతుల మీదికి పోలేదు.

యేసుదాసు ఇంటికొచ్చి తన దగ్గరున్న కాపీ తీసి, కత్తెరతో ఆ ముగ్గుర్నీ కోసి పారేశాడు. వాళ్ళ నీడ కూడా నాంచారమ్మ గడప తొక్కకూడదనుకున్నాడు. స్టూడియో ఉంటే ఉంటుంది, పోతే పోతుందని తెగించి, మర్నాడే మోపిదేవి బస్సెక్కి, పడవలో ఏరు దాటి లంకకి వెళ్ళాడు.

నాంచారమ్మ ఫోటో అందుకుని బొటనవేలితో కూతురి మొహం నిమిరింది. "బతికే ఉందా నా తల్లి," అని గుండెలు పగిలేలా ఏడ్చింది. ఏడుపు తగ్గాక మళ్ళీ చూసి, "ఒక్కతే నిలబడిందేంటి బాబూ? అంత దేశంలో దానికి తోడెవరూ లేరా?" అంది.

ఆ మొహానికి నిజం చెప్పడం అతని వల్ల కాలేదు. "ఉన్నారమ్మా. గుడివాడవాళ్ళు. ఫోటో తీసేటప్పుడు పక్కనే ఉన్నారు."

ముసలమ్మ రెండు చేతులూ నెత్తిమీదికెత్తి దణ్ణం పెట్టింది. "ఏ తల్లి కన్న బిడ్డలో! నా బిడ్డని పక్కన నిలబెట్టుకున్నారు. నూరేళ్ళు బతకాలి వాళ్ళు. పేర్లు చెప్పు బాబూ, రోజూ దీపం ముందు తలుచుకుంటాను."

యేసుదాసు నాలుక చేదెక్కింది. అయినా ముగ్గురి పేర్లూ, ముసలమ్మకి నోటికొచ్చేదాకా, ఒక్కొక్కటే చెప్పాడు.