ముప్పావు కేజీ

అన్నయ్యని ఉప్పు కొఠారు కాటా మీద తూద్దామన్నది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. చివర్లో చెబితే దాచుకున్నట్టుంటుంది.

మాది నౌపడ. నాన్న ఉప్పు మడుల పక్కనున్న కొఠారులో బస్తాలు మోసేవాడు, తూకం వేసేవాడు. ఉప్పునీళ్ళలో నానీ నానీ ఆయన అరికాళ్ళు బీటలు తీసిన చేనులా ఉండేవి. అన్నయ్యని మాత్రం ఆ పనిలోకి రానివ్వకూడదని ఇంట్లో అందరిదీ ఒకటే పట్టు. దారి చూపించింది మేస్టారు. ఆయన మిలటరీలో బాక్సింగ్ నేర్చుకుని వచ్చి మిషన్ స్కూల్లో డ్రిల్లు చెప్పేవారు. బడి వెనక ఇసక బస్తా ఒకటి వేలాడదీసి, నలుగురు కుర్రాళ్ళకి నేర్పడం మొదలుపెట్టారు. ఒకడికి పన్ను ఊడి మానేశాడు, ఒకడు పెళ్ళయి మానేశాడు, ఇంకొకడు ఖరగ్‌పూర్ పోయాడు. అన్నయ్య ఒక్కడే మిగిలాడు. ఎదురు నిలబడేవాడు లేక మేస్టారితోనే తలపడేవాడు. పాపం, ఆయనకి యాభై దాటాయి.

ఆ ఏడు విజయనగరంలో రైల్వే వాళ్ళు పోటీలు పెట్టి, గెలిచినవాళ్ళని ఉద్యోగంలోకి తీసుకుంటారని కబురొచ్చింది. పాతికేళ్ళు దాటితే పనికిరాదన్నారు. అన్నయ్యకి అదే ఆఖరి ఏడు. యాభై నాలుగు కేజీల లోపు వాళ్ళలో దిగాలి. అన్నయ్య యాభై ఏడు ఉండేవాడు.

ఇంక చూడండి మా ఇంటి అవస్థ. రెండు నెలలు అంబలి, మజ్జిగ తప్ప ఏమీ లేదు. అమ్మ చేపల పులుసు పెడితే అన్నయ్య లేచి పెరట్లోకి పోయి నిలబడేవాడు. బరువు చూసుకోవడానికి వారం వారం టెక్కలి ఆస్పత్రికి నడిచేవాడు. ఆ అంబలి కడుపుతో అంత దూరం నడుస్తుంటే చూడలేకపోయాను. ఒకరోజు అనేశాను.

"ఓలమ్మా, కొఠారులో అంత కాటా ఉండగా టెక్కలి ఎందుకన్నియ్యా? బస్తాని తూసినాది, నిన్ను తూయనేదేటి?"

నాన్నకి ఆ మాట తెగ నచ్చింది. అప్పట్నుంచీ ఆదివారం ఆదివారం ఆయనే కాటా మీద నిలబెట్టి తూచేవాడు. పోటీకి ముందు ఆదివారం ముల్లు దగ్గర వంగి చూసి ఒకటే కేక.

"యాబై నాలుగే! సరీగ్గా యాబై నాలుగు! సూడే గుంటా, సూడు!"

విజయనగరం పాసింజరులో అన్నయ్యా, మేస్టారూ, కేరియర్ పట్టుకుని నేనూ. తూకం అయిపోయాక ఇంటి తిండి తినాలని, దగ్గరుండి తినిపించమని అమ్మ నన్ను పంపింది. అన్నయ్య ముందురోజు మధ్యాహ్నం నుంచి మెతుకు ముట్టలేదు. ఆమదాలవలసలో ఎవరో పకోడీ పొట్లం విప్పితే మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు.

తూకం వేసే గదిలోకి ఆడవాళ్ళు రాకూడదు. కిటికీ కింద నిలబడ్డాను. లోపలి నుంచి ఎవరో చదివారు.

"యాభై నాలుగు, ముప్పావు."

"ఇంకోపాలి సూడండి బాబూ," అన్నయ్య గొంతు.

మళ్ళీ అదే చదివారు. మేస్టారు బయటికొచ్చారు.

"ఏ కాటా మీద తూసుకున్నాడే మీ అన్న? ఆస్పత్రిదేనా?"

"కాదు మేస్టారూ. మా కొఠారుది. నానే తూసీవోడు."

ఆయన మెట్టు మీద కూలబడ్డారు. "నాశినం అయిపోనాది. ఉప్పు కాటాకి తడి తరుగుంటాది కదే!"

అవును, ఉంటుంది. మడి నుంచి వచ్చిన ఉప్పు తడిగా ఉంటుంది కాబట్టి, గోనె బరువూ తడి బరువూ పోయేలా కాటా ముల్లుని ముప్పావు కేజీ వెనక్కి పెట్టి ఉంచుతారు. రోజూ పొద్దున్నే అలా పెట్టేది నాన్నే. ఇరవై ఏళ్ళుగా పెడుతున్నాడు కాబట్టి ఆయనకి అదే అసలు తూకం. నాకూ తెలుసు, అన్నయ్యకీ తెలుసు. ఉప్పు ఊళ్ళో పుట్టినవాళ్ళకి అది తరుగని గుర్తే ఉండదు. అన్నయ్య తడి బస్తా కాదన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

గంట గడువిచ్చారు. మేస్టారి ఉన్ని స్వెట్టరు, దాని మీద నా దుప్పటి చుట్టుకుని అన్నయ్య మండుటెండలో గ్రౌండు చుట్టూ పరుగెత్తాడు. నోట్లో చింతపండు, ఊరిన ఉమ్మినల్లా ఉమ్మేసి ఒంట్లో నీళ్ళు తగ్గించుకోవడానికి. నేనూ పక్కనే పరుగెత్తాను. ఊరుకోలేక ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను.

"ఒసే, నోర్ముయ్యే. నీ మాటలికి నాకు ఊపిరాడ్డం నేదు."

అన్నయ్యతో తలపడాల్సినవాడు విజయనగరంలో సైకిల్ షాపులో పంచర్లు వేసేవాడు. వేపచెట్టు నీడలో కూచుని అరటిపండు తింటున్నాడు.

"మీసం గొరిగించీ బావా, పావుకేజీ ఉంటాది!" అని అరిచాడు. అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. నాకు వాడి మీద అరటితొక్క విసరాలనిపించింది.

గంట తరవాత ముల్లు యాభై నాలుగు మీద ఆగింది. అన్నయ్య పెదాలు తెల్లగా పేలిపోయాయి. కేరియర్ విప్పి అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిని కక్కేశాడు. నీళ్ళు తాగితే అవీ నిలవలేదు.

మూడింటికి రింగులోకి దిగాడు. నరసన్నపేట టూరింగ్ టాకీసులో నేను చూసిన సినిమా ఫైటింగుల్లో దెబ్బ పడితే డోలు మోగినట్టు మోగేది. నిజం దెబ్బకి అంత చప్పుడు లేదు. తడిబట్ట బండకేసి కొట్టినట్టుంటుంది, అంతే. మొదటి రౌండులో ఆ చప్పుళ్ళన్నీ అన్నయ్య కొట్టినవే. సైకిల్ షాపతని ముక్కు పగిలింది. నేను గోడెక్కి అరుస్తున్నాను. రెండో రౌండులో అన్నయ్య పిక్క పట్టేసింది. కుంటుతూ వెనక్కి వెనక్కి పోయాడు. మూడో దాంట్లో మోకాళ్ళ మీద పడి, లేచి, మళ్ళీ పడ్డాడు. చేతులు పైకి లేవలేదు. రిఫరీ ఆపేశాడు.

సైకిల్ షాపతనే చంకల కింద చేతులు వేసి బెంచీ దాకా తెచ్చాడు.

"మొదట్లో సంపీసినావు బావా. తరవాత ఏటైపోనావు?"

"ఏటీ నేదు. నువ్వు బాగా ఆడినావు," అన్నాడు అన్నయ్య.

తిరుగు రైల్లో మేస్టారు కళ్ళు మూసుకున్నాక అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "కాటా సంగతి నానకి సెప్పకు. ఆయన సేత్తో పెట్టిన కాటా అది." ఒట్టు వేశాను.

నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. "ఏటైనాది?"

"ఆడు నాకంటే మొనగాడు నానా."

"మొనగాడా? ఇన్నాళ్ళు నేర్సుకుని, ఆడెవుడో మొనగాడని సెప్తన్నావా? నీకు గుండె నేదురా. బయపడిపోనావు!" నాన్న ఆపలేదు. అన్నయ్య తల వంచుకుని తిట్లు పడుతున్నాడు. పేలిన పెదవి మీంచి నెత్తురు వస్తోంది, తుడుచుకోను కూడా లేదు. అది చూశాక నా ఒట్టు ఎక్కడ నిలుస్తుంది? అంతా కక్కేశాను.

నాన్న మాట మధ్యలోనే ఆగిపోయాడు.

పొద్దున్న లేచేసరికి ఆయన లేడు. పెళ్ళిళ్ళకి తొడుక్కునే చొక్కా కూడా లేదు. మొదటి బండికి విజయనగరం పోయాడు, తప్పు తనదని రైల్వే ఆఫీసర్లతో చెప్పడానికి. వచ్చిన ప్రతి బండికీ అన్నయ్య స్టేషనుకి పోయి చూసి వచ్చాడు. పొద్దు వాలుతుండగా ఇద్దరూ కలిసి వచ్చారు. ఆఫీసర్లు పొద్దున్నే వెళ్ళిపోయారట. ఎవరో గుమాస్తా మాత్రం నిలబెట్టి విని, తూకం తూకమే పెద్దాయనా అన్నాడట.

అన్నయ్య నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదోరోజు నాన్నతో పాటు కొఠారుకి పనికి బయల్దేరాడు. రెండు గిన్నెల్లో అన్నం కట్టి, ఉండబట్టలేక అడిగాను.

"నాను సెప్పడం తప్పేటన్నియ్యా?"

గోనెగుడ్డ భుజాన వేసుకున్నాడు.

"ఏమోనే. సెప్పకపోతే నాన నన్ను తిట్టుకునీవోడు. ఇప్పుడు ఎవుర్నీ తిట్టడం నేదు. అది బాగోనేదు."

నాన్న అప్పటికే వీధిలో ఉన్నాడు. మామూలుగా అయితే ఆలస్యానికి ఊరంతా వినపడేలా కేకలేసేవాడు. ఆవేళ ఎండలో ఊరికే నిలబడ్డాడు, కొడుకు వచ్చేదాకా.