సూడు... పారు

చిన్నమ్మాయికి నలభై తొమ్మిదేళ్లు. పేరు విన్నవాళ్లు ఒకసారి ఆమె నెరిసిన జుట్టు వంక చూసి నవ్వేవారు. 1978లో భర్తకు బదిలీ అయి యానాం నుంచి పాండిచ్చేరి వచ్చింది. ముదలియార్‌పేటలో కాపురం, చేతికాగితం చేసే కార్ఖానాలో పని. రెండేళ్లు తిరిగేసరికి తొట్టి దగ్గర ఆమెను మించినవాళ్లు లేరు.

గుడ్డపీలికల గుజ్జు తొట్టిలో పల్చటి పాలలా ఉంటుంది. జల్లెడ బిగించిన చట్రాన్ని అందులో ముంచి, ఒక్క ఊపు ఊపి ఎత్తాలి. నీళ్లు జారిపోయి, మబ్బుతునకలాంటి కాగితం మిగులుతుంది. ఆ తడిపొర మీద ఒక్క చుక్క పడినా, ఆరాక వెలుతురుకు ఎత్తితే గుండ్రటి మచ్చ.

ఆ ఏడు ముట్లుడిగాయి. వేడి మొదలైంది. ఛాతీలో పుట్టి, మెడ మీదుగా ముఖానికి ఎగబాకేది. భయంతో ఊపిరి బిగబట్టేది. గడ్డం మీంచి చెమట తడికాగితం మీద రాలేది. మచ్చపడ్డ కాగితాలన్నీ మళ్లీ గుజ్జులోకే.

మేస్త్రీ లోకనాథన్ ఒక కాగితాన్ని కిటికీకేసి ఎత్తాడు. "ఏమ్మా, పౌర్ణమి చంద్రుడా ఇది? సోమవారం దాకా చూస్తా. తర్వాత పీలికలు కోసే గదికే."

ఆ గదిలో తొట్టీ నీళ్లూ ఉండవు, దుమ్మే. చిన్నమ్మాయికి ఏడుపొచ్చింది.

పక్క తొట్టి ఆండాళమ్మ తాతలనాటి నుంచి ఇక్కడే ఉన్న తెలుగు మనిషి. "ఏందక్కా, నిప్పులు మింగినావా? నర్సమ్మ కాడికి పో," అంది.

ఆసుపత్రిలో నర్సు వేదవల్లికి తెలుగు రాదు. చిన్నమ్మాయికి అరవం అంతంతమాత్రం. నర్సు చిన్నమ్మాయి చేతిని తీసి చిన్నమ్మాయి గుండె మీదే పెట్టింది. కళ్లు మూసి, మెల్లగా ఊపిరి వదిలి చూపింది. చిన్నమ్మాయి కొంగుతో విసురుకోబోతే ఆపింది. "సూడు వరుదా? పారు," అంది. మళ్లీ నెమ్మదిగా, "సూడు... పారు."

చిన్నమ్మాయికి అర్థమైపోయింది. సూడు అంటే చూడమని. పారు అంటే గోదావరి కాలవలా పారమని.

వారమంతా అదే పని. వేడి పుట్టగానే దాన్నే అడిగేది, ఎక్కడున్నావే? మెడలో. ఇప్పుడు? చెవుల్లో. మంగళవారం మచ్చలు పడ్డాయి. బుధవారమూ పడ్డాయి. గురువారం ఒకటి తెలిసింది. వేడి ఎప్పుడూ నిలవదు, వెళ్లిపోతూనే ఉంటుంది. అడ్డుకట్ట వేస్తున్నది తన బిగబట్టిన ఊపిరే.

సోమవారం లోకనాథన్ ఎదురుగా నిలబడ్డాడు. చట్రం సగం లేచిందో లేదో, వేడి వచ్చింది. చిన్నమ్మాయి దాన్నే చూసింది. మెడ నిటారుగా నిలిపి ఊపిరి వదిలింది. చెమట మెడ వెంట దిగి రవికలో ఇంకిపోయింది. చట్రాన్ని పూర్తిగా ఎత్తింది. నీళ్లు జారాయి. ఆ రోజు మరి రెండుసార్లు వచ్చింది, పారిపోయింది.

మర్నాడు ఆరిన కాగితాలను మేస్త్రీ ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. ప్రతి దాంట్లోంచీ మచ్చలేని ఎండ దిగింది.

"ఏం మేస్త్రీ, ఇయ్యాళ అమావాస్యా?" అంది ఆండాళమ్మ.

లోకనాథన్ నవ్వాపుకోలేకపోయాడు. "తొట్టి నీదే అమ్మా," అన్నాడు.

"ఏం చేసినావక్కా?"

"నర్సమ్మ చెప్పిందేగా! సూడమంది, పారమంది."

ఆండాళమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "అయ్యో అక్కా! అరవంలో సూడంటే వేడి. పారంటే చూడమని. వేడొస్తే చూడమనింది, అంతే. పారమని యాడ చెప్పింది?"

చిన్నమ్మాయి తొట్టిలో నీళ్లు కదిలేలా నవ్వింది.

"అయితే పారడం నా సొంతమే పిల్లా!" అంటూ చట్రం ముంచింది.